ఆరేళ్లుగా వాడుతున్న మల్టీమీటరు: నా మమకారమంతా మిన్-మ్యాక్స్ మీట మీదే

చీమకుర్తి గ్రానైట్ క్వారీల్లో ఎక్స్‌కవేటర్లకూ డంపర్లకూ వైరింగ్ పని చేసే నేను ఈ డిజిటల్ మల్టీమీటరు కొని ఆరేళ్లయింది. వోల్టులు, ఓములు, కంటిన్యూయిటీ (వైరు తెగకుండా ఉందా లేదా అన్నది) ఏ మీటరైనా చూపిస్తుంది కనుక వాటి జోలికి పోను. మనం చూడని క్షణంలో వోల్టేజీ ఎంతకు పడిపోయిందో గుర్తుపెట్టుకునే మిన్-మ్యాక్స్ మీట లేకపోతే, నా వృత్తిలో సగం లోపాలు నాకు దొరికేవి కావు.

రెండేళ్ల కిందట ఒక పాత ఎక్స్‌కవేటరు పనిలో ఉండగానే ఉన్నట్టుండి ఆగిపోయేది. తాళం ఆపి మళ్లీ తిప్పితే ఏమీ జరగనట్టు స్టార్ట్ అయ్యేది. డీజిల్ ఫిల్టర్లు మార్చారు, స్టాప్ సోలినాయిడ్ రెండుసార్లు మార్చారు, రిలే కూడా మార్చారు. ఆ రకం ఇంజన్‌లో సోలినాయిడ్‌కు కరెంటు అందుతున్నంతసేపే డీజిల్ దారి తెరిచి ఉంటుంది కాబట్టి అనుమానం అక్కడికే పోయేది, కాని ఎన్నిసార్లు మీటరు ప్రోబులు (కొలిచే మొనలు) పెట్టినా 27 వోల్టులకు పైనే చూపించేది. బండి ఆగాక నేను దగ్గరికి చేరేసరికి తెగిన కరెంటు తిరిగి వచ్చేసి ఉండేది.

చివరికి ప్రోబుల వైర్లను పొడిగించి, ఎరుపుది సోలినాయిడ్ టెర్మినల్‌కూ నలుపుది బ్యాటరీ నెగెటివ్‌కూ బిగించి, మీటరును క్యాబిన్‌లో పెట్టాను. స్టార్టరు తిరిగేటప్పుడు వోల్టేజీ ఎలాగూ పడుతుంది, అదే కనిష్ఠంగా నమోదైతే తప్పుదారి పడతాం. అందుకని ఇంజన్ అందుకున్న తర్వాతే మీట నొక్కాను. ఆపరేటరు నాకన్నా చాలా పెద్దవాడు. "బాబాయ్, బండి ఆగితే తాళం మాత్రం ముట్టుకోవద్దు, నన్ను పిలువు" అని మరీ మరీ చెప్పాను. ఆయన తాళం ఆపితే మీటరు ఆ సున్నానూ నమోదు చేసుకుంటుంది, పడ్డ శ్రమంతా వృథా అవుతుంది.

గంటన్నర తర్వాత, బకెట్ నిండా రాయితో బూమ్ (బండి పొడవాటి చెయ్యి) ఎత్తి తిరుగుతుండగా ఇంజన్ ఆగింది. తెర మీద అప్పటి వోల్టేజీ 25.1, నమోదైన కనిష్ఠం 0.4, అంటే కరెంటు తెగి తిరిగి వచ్చిందన్నమాట. ఆ రెండు అంకెలను పక్కపక్కన చూసినప్పుడు కలిగిన సంతోషం ఇప్పటికీ గుర్తుంది.

ఆ తర్వాత ఎరుపు ప్రోబును బ్యాటరీ వైపు ఒక్కో మజిలీ జరుపుతూ అదే పరీక్ష చేశాను. తాళం దగ్గర బండి ఆగినా కనిష్ఠం 25 కన్నా కిందికి రాలేదు. అంటే తెగుతున్నది క్యాబిన్ నేల కింద నుంచి ఇంజన్‌కు పోయే వైర్ల కట్టలోనే, అంటే హార్నెస్‌లోనే. అక్కడ ఎవరో ఏనాడో మెలిపెట్టి టేపు చుట్టిన అతుకు ఒకటి కనిపించింది. టేపు విప్పితే జిగురు నల్లగా కారి ఉంది, లోపలి రాగి ఆకుపచ్చ పొడిగా మారి, మూడు నాలుగు పోగులు మాత్రమే ఒకదానికొకటి తగులుతున్నాయి. కంటిన్యూయిటీ పరీక్షలో ఆ పోగులు చాలు, మీటరు నిక్షేపంగా బీప్ అంటుంది. ఆ అతుకు కత్తిరించి, కొత్త వైరు వేసి క్రింప్ చేసి హీట్ ష్రింక్ ట్యూబు తొడిగాక ఆ బండి మళ్లీ అలా ఆగలేదు.

అయితే ఈ మీటను అన్నిటికీ మందు అనలేను. కొత్త కనిష్ఠం నమోదైనప్పుడల్లా బీప్ వస్తుంది గాని, క్వారీ హోరులో అది వినపడదు. మామూలు పద్ధతిలో ఇది 100 మిల్లీ సెకన్ల పాటైనా ఉండే మార్పునే నికరంగా పట్టుకుంటుంది. ఒక డంపర్‌లో 5 వోల్టుల సెన్సరు లైను అంతకన్నా తక్కువ సేపు తెగుతుంటే రెండు రోజులు పెట్టి చూసినా తెలియలేదు, చివరికి హార్నెస్‌ను చేత్తో కదిలిస్తూనే కనిపెట్టాల్సి వచ్చింది. రేంజి ముందే ఎంచుకోవడం మరిచిపోతే వచ్చే అంకెలకూ అర్థం ఉండదు. ఎండలో తెర చదవడం కష్టమే.

నేను బండి ఉన్న చోటికే వెళ్లి, అప్పుడప్పుడు వచ్చిపోయే లోపాల వెంట పడేవాణ్ణి గనుక ఇది నాకు ఇంత ఆప్తమైంది. వర్క్‌షాపులో ఉండి, పూర్తిగా తెగిన వైర్లూ కాలిన ఫ్యూజులే ఎక్కువగా చూసేవారికి 24 వోల్టుల టెస్ట్ ల్యాంపూ మామూలు మీటరూ సరిపోవచ్చు. ఇది పాడైన రోజున మళ్లీ ఇదే కొంటానా అంటే, ఇంతకన్నా వేగంగా నమోదు చేసేది అప్పటికి నాకు అందే ధరలో ఉంటుందో లేదో దాన్ని బట్టి ఉంటుంది.