రెండు వందల ఏళ్ల దివాణమా? కోనసీమ మండువా లోగిలిలో రెండు రాత్రులు

సంక్రాంతి వెళ్లిన వారం, కోనసీమలోని ఒక చిన్న ఊళ్లో వారసులు అతిథి గృహంగా నడుపుతున్న పాత మండువా లోగిలిలో రెండు రాత్రులు బస చేశాము. వీధి అరుగు మీద పెట్టిన పలక అది "రెండు వందల ఏళ్ల జమీందారీ దివాణం" అంటున్నది గాని, ఇల్లు ఆ మాటకు సాక్ష్యం పలకదు.

ఇంటి నడుమ ఆకాశానికి తెరిచి వదిలిన మండువా చుట్టూ ఉన్న ఎనిమిది స్తంభాలూ బర్మా టేకువి. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయి, కాలువల కింద వరి నిలకడగా పండిన తరువాతనే ఇక్కడి రైతుల చేతిలో ఇంత కలప కొనగలిగిన డబ్బు ఆడింది. అటక ఎక్కి చూస్తే పైన ఉన్నవి మంగళూరు పెంకులు. బాసెల్ మిషన్ అనే స్విస్ క్రైస్తవ మిషనరీ సంస్థ వారు మంగళూరులో ఆ పెంకుల కర్మాగారం పెట్టినదే 1865లో. కప్పు తరువాత మార్చి ఉంటారేమోనని నాకూ అనుమానం వచ్చింది గాని, వాసాల మీద ఆ పెంకు కొలతకు కొట్టిన బద్దలే తప్ప అంతకు ముందరి మేకుల గుర్తులు ఒక్కటీ కనబడలేదు. పెరటి వైపు ఉన్న ధాన్యపు కొట్టు వీధి వైపు సావిడి కంటే పెద్దది. కాలువ నీటితో స్థితిమంతుడైన రైతు కట్టుకున్న ఇల్లిది. నా అంచనాలో నూట ముప్పై ఏళ్లకు మించదు.

పడమటి వాలు మీది పెంకులు మాత్రం కొత్తవి. 1996 నవంబరు 6 నాటి తుఫానులో పాతవి పోయాయట. "రాత్రంతా ధాన్యం కొట్లోనే కూర్చున్నాం బాబూ, తెల్లారి చూస్తే నడింట్లోంచి ఆకాశం కనబడింది" అన్నారు ఇంటి పెద్దావిడ. పలక మీద రాయవలసిన చరిత్ర అది.

పనసపొట్టు కూరకూ, మర్యాదకూ వంక పెట్టలేము. మరమ్మతులే బాగా లేవు. గానుగ సున్నపు గోడలకు సిమెంటు పూయడంతో లోపలి చెమ్మ బయటికి పోయే దారిలేక, మా మంచం పక్కన మోకాలెత్తు వరకు రంగు పొక్కులై రాలుతున్నది. వేడిగాలి పైకి పోవడానికీ, వాన నీరు నడుమ రాతి తొట్టిలోకి దిగడానికీ వదిలిన మండువా మీద ప్లాస్టిక్ రేకు కప్పేశారు. అందువల్ల మధ్యాహ్నం వసారాలో కూర్చోలేకపోయాము.

వెళ్లేవారు ధాన్యపు కొట్టు పక్క గదిని అడగండి. అక్కడ సున్నపు గోడలు అలాగే ఉన్నాయి.