పాత బండి కొనేటోళ్లు జర పైలం, ఇంజన్ ముందే వేడి చేసి పెట్టి అమ్ముతున్రు

అన్నలు, తమ్ముళ్లు, హన్మకొండ, వరంగల్, కాజీపేట దిక్కు పాత బండి తీసుకుందామని తిరుగుతున్నోళ్లు ఎవరన్న ఉంటే ఇది చదివినంకనే పైసలు తియ్యుండ్రి. నేను 26 వేలు పెట్టి కొన్న, మూడు నెలలు కాకముందే ఇంజన్‌కు ఇంకో 8 వేలు పెట్టిన. దుకాణం పేరు రాస్తలేను, బండి కంపెనీ పేరు గూడ ఎందుకులే, కంపెనీ తప్పేం లేదు. ఏపీ 36 నంబర్ మీదున్న హండ్రెడ్ సీసీ బండి, అంటే తెలంగాణ రాకముందుది, దాని వయసు దానికుంటది. ముసలి బండిని పడుచు బండి అని అమ్మినోనిది తప్పు, నమ్మినందుకు సగం నాది.

నేను వస్తున్న అని ముందే ఫోన్ చేసి చెప్పి 11 గంటలకు పోయిన, ఆడనే దెబ్బతిన్న. పోయేసరికి బండిని కడిగి, ఇంజన్‌కు సిల్వర్ పెయింట్ కొట్టి, సెంటర్ స్టాండ్ మీద పెళ్లికొడుకు లెక్క నిలబెట్టిండు. ఒక్క కిక్కుకే స్టార్ట్, పొగ లేదు, సౌండ్ లేదు. ఇంజన్ మీద చెయ్యి పెడితే చురుక్కుమన్నది, ఏందన్నా అంటే "ఇప్పుడే ఒకాయన ట్రయల్ కొట్టి పోయిండు, సాయంత్రం పైసలు తెస్తా అన్నడు" అన్నడు. ఇగ నాకు ఆ ఒకాయన ఎక్కడ తీసుకపోతడో అన్న భయమే గని ఇంజన్ ఎందుకు కాలుతుంది అన్న ఆలోచన రాలే. రాత్రంత నిలబడ్డ బండి పొద్దుగాల మొదటి కిక్కుకు ఏం చేస్తదో చూస్తేనే దాని అసలు సంగతి తెలుస్తది, అది నాకు దొరకకుండ చేసిండు.

మొదటి పదిహేను రోజులు మంచిగనే నడిచింది. కాకపోతే పొద్దుగాల కిక్ బరువుగ ఉండేది, క్లచ్ పట్టి ఫస్ట్ గేర్ వేస్తే బండి టక్కున ముందుకు దుంకేది. పాతది కదా అనుకున్న. ఆయిల్ మార్పిద్దామని మా గల్లీ మెకానిక్ దగ్గరికి తీసుకపోతే, డ్రెయిన్ బోల్ట్ ఇప్పంగనే ఆయిల్ కారాలె కదా, కారలే, బెల్లం పాకం లెక్క సాగుకుంట వచ్చింది. ఆయన రెండు వేళ్ల మధ్యల రుద్ది వాసన చూసి "తమ్మీ దీంట్ల గేర్ ఆయిల్ కలిపిన్రు" అన్నడు. అంత చిక్కగ ఉంటే అరిగిన పిస్టన్ రింగుల సందుల నుంచి పెట్రోల్ కాలే చోటికి తొందరగ ఎక్కదు, పొగ తగ్గుతది, లోపలి సౌండ్ గూడ అణుగుతది. కొనేటోడు చూసే పది నిమిషాలకు అది చాలు. గని పొద్దుగాల హెడ్ దాకా, అంటే ఇంజన్ పై భాగం దాకా, ఆయిల్ ఎక్కే లోపట పైన ఇనుము ఇనుము రాసుకుంటది.

సరే అని మంచి 20డబ్ల్యూ 40 ఇంజన్ ఆయిల్ పోయించిన. రోగం అప్పుడు బయటపడ్డది. కాజీపేట బ్రిడ్జి దిగుతుంటే వెనుక నుంచి వస్తున్న మా బావమర్ది పక్కకు వచ్చి "బావా, దోమల మందు కొడుతున్నవా ఏంది" అన్నడు. దిగేటప్పుడు రేస్ వదిలి కిందికొచ్చి మళ్ల రేస్ ఇయ్యంగనే నీలం పొగ గుప్పున వస్తుందట. నల్లపొగ అయితే పెట్రోల్ ఎక్కువ తాగుతున్నట్టు, చలికాలం పొద్దుగాల కొద్దిసేపు తెల్లగ వస్తే అది ఆవిరి, భయం లేదు, నీలం పొగ అంటే మాత్రం ఆయిల్ కాలుతున్నట్టే. టూ స్ట్రోక్ బండ్లు వేరే లెక్క, వాటికి ఆయిల్ కాల్చుడే పని.

నేనేమో ఎక్కడన్న లీకేజీ ఉన్నదేమో అని ఆశతోని రెండు రాత్రులు బండి కింద అట్టముక్క పరిచిన. పొద్దుగాల చూస్తే డ్రెయిన్ బోల్ట్ కింద రూపాయి బిళ్లంత ఒక్క మరక, గంతే. బయటికి కారుతలేదంటే లోపలనే కాలుతున్నట్టు కదా. ఇంకో తప్పు గూడ చెప్త, సిగ్గయినా సరే: నా బండికి ఆయిల్ చూసే పుల్లను మరలు తిప్పకుండ ఊకె పెట్టి చూడాలె, నేను తిప్పి బిగించి చూసిన, పుల్ల ఇంకా లోపలికి పోయి ఆయిల్ ఎక్కువున్నట్టు చూపించింది. లీటర్ కన్న ఎక్కువ పట్టని ఇంజన్ అది, దాంట్ల మూడో వంతు పోయినా నేను నిమ్మళంగ తిరిగిన.

మే నెలల మధ్యాహ్నం పర్కాల పోతుంటే గూడెప్పాడ్ చౌరస్తా దాటినంక బండి పుల్లింగ్ తగ్గింది, ఎవరో వెనుక నుంచి గుంజి పట్టుకున్నట్టు. కాలిన వాసన. నేను ఇంకా రేస్ ఇచ్చిన. ఇంజన్ పట్టేసింది, వెనుక టైర్ కీసుమని గీసుకపోయింది, క్లచ్ పట్టిన కాబట్టి పడలే. పక్కన చాయ్ దుకాణమాయన బకెట్ నీళ్లు తెచ్చి పోస్తా అన్నడు, వద్దని దండం పెట్టిన, కాలే ఇంజన్ మీద చల్లనీళ్లు పోస్తే హెడ్ వంగుతది, పగిలినా పగులుతది. గంట సేపు చింతచెట్టు కింద నిలబెట్టినంక కిక్ కదిలింది, మెల్లగ ఇంటికొచ్చిన.

మెకానిక్ ప్లగ్ తీస్తే నల్లగ, తడి తడిగ. లోపలి ఒత్తిడి కొలిచే కంప్రెషన్ గేజ్ పెట్టి కిక్ కొడితే ముల్లు సగం గూడ ఎక్కలే, ప్లగ్ రంధ్రంల రెండు చెంచాల ఆయిల్ పోసి మళ్ల కొడితే లేచింది. అట్ల లేస్తే రింగులు, బోర్ అంటే పిస్టన్ ఆడే గొట్టం అరిగినట్టు, లేవకపోతే వాల్వుల దిక్కు చూడాలె. ఇంజన్ ఇప్పినంక చూడాలె సినిమా. పిస్టన్ నెత్తి మీద మసి గీకితే 75 అని ముద్ర, అంటే పావు, అర, ముప్పావు మిల్లీమీటర్ దాకా బోర్ కొట్టిచ్చి కొట్టిచ్చి, అంటే ఆ గొట్టాన్ని గీకి వెడల్పు చేయించి, అలసిపోయిన బ్లాక్ అది. అన్నిటికన్న ఘోరం కింద ఆయిల్ జాలి. ఎవడో ప్యాకింగ్‌లకు బదులు ఎర్ర సిలికాన్ పేస్ట్ ఇష్టమొచ్చినట్టు పూసిండు, అది ముక్కలు ముక్కలుగ ఊడి జాలికి అడ్డం పడ్డది. ఉన్న కొద్ది ఆయిల్ గూడ పైకి పోతలేదు, ఇగ వేడి కాక ఏమైతది. గాలితోని చల్లబడే ఇంజన్‌కు ఆయిల్ గూడ సగం కూలింగ్ లెక్క. ఆ సిల్వర్ పెయింట్ కింద రెక్కల సందులల్ల ఎండిన పొలం బురద అట్లనే ఉంది, బురద మీదనే పెయింట్ కొట్టిండు మహానుభావుడు.

కాబట్టి చెప్పకుండ పొద్దుగాలనే పోండ్రి, ఇంజన్ ముట్టి చల్లగుంటేనే స్టార్ట్ చేయించుండ్రి, వేడిగుంటే మళ్లొస్తా అని వచ్చేయుండ్రి. ఆయిల్ పుల్ల గుంజి వేళ్ల మధ్యల రుద్ది చూడుండ్రి. ఎయిర్ ఫిల్టర్ డబ్బా మూత తీస్తే లోపల ఆయిల్ తడి ఉంటే అరిగిన రింగులు దాటి ఇంజన్ కింది నుంచి గాలి తన్నుతున్నట్టు. కొత్త పెయింట్ ఉన్న పాత ఇంజన్ అంటేనే నాకిప్పుడు గుబులైతది. ఇంకోడు బండి నడుపుతుంటే మీరు వెనుక ఇంకో బండి మీద పోయి సైలెన్సర్ చూడుండ్రి, నడిపేటోనికి పొగ కనబడదు.

దుకాణమాయనకు ఫోన్ చేస్తే "నువ్వు చూసుకునే తీసుకున్నవ్ కదా తమ్మీ" అన్నడు, ఇంజన్ గురించి కాయితం మీద ఒక్క ముక్క రాపిచ్చుకోలే, ఏమంటం. కొత్త బ్లాక్, పిస్టన్ వేయించి 320 కిలోమీటర్లయింది, 500 దాకా 40 దాటొద్దన్నడు మెకానిక్, నిన్న ములుగు రోడ్డు మీద సైకిల్ మీద పోతున్న పోరడు నన్ను దాటి వెనక్కి తిరిగి నవ్విండు.