కాపలాకు ఏది మేలు: రాట్‌వీలరా, డాబర్‌మనా, నాటు కుక్కా?

ఊరి చివర ఇల్లు కట్టుకున్నవారికి, తోటలో కాపురం పెట్టినవారికి కాపలా కుక్క ఆలోచన రావడం సహజం. ఏ జాతిదైతే బాగుంటుందని పదిమందిని అడిగితే ఎక్కువగా వినిపించేవి రెండు పేర్లు: రాట్‌వీలర్, డాబర్‌మన్. వాటి పక్కన నాటు కుక్కను నిలబెట్టి చూసేవారు తక్కువ. ఈ మూడింటినీ పోల్చే ముందు ఒక విషయం తేల్చుకోవాలి. కాపలా కుక్క పని కరవడం కాదు, కబురు చెప్పడం. చీకట్లో గోడ దూకే మనిషి భయపడేది అలికిడికి, ఇంట్లో దీపాలు వెలగడానికి. ఇక కరిచే కుక్కకు దొరికేది దొంగ కాదు. పాలు పోసే మనిషో, పార్శిల్ తెచ్చిన కుర్రాడో, బంతి కోసం గేటు తీసిన పక్కింటి పిల్లవాడో దొరుకుతాడు.

రాట్‌వీలర్ పుట్టిల్లు దక్షిణ జర్మనీలోని రాట్‌వీల్ పట్టణం. అక్కడ పశువులను సంతకు తోలడానికి, మాంసం వర్తకుల బండ్లు లాగడానికి దాన్ని పెంచారు. ఆ తర్వాత పోలీసు పనిలోకి తీసుకున్నారు. పెరిగిన మగ కుక్క సుమారు 50 కిలోలు, ఒక్కోసారి అంతకు మించి తూగుతుంది. బాగా పెంచితే ఇంటివారిని అంటిపెట్టుకుని ఉంటుంది, చెప్పింది త్వరగా నేర్చుకుంటుంది. దానికి పుట్టుకతోనే పిచ్చి కోపం ఉంటుందనే ప్రచారాన్ని నేను నమ్మను. అలాగని "అంతా పెంపకంలోనే ఉంది" అనే మాటనూ ఒప్పుకోను. అది సగం నిజమే.

2022లో ‘సైన్స్’ పత్రికలో వచ్చిన ఒక పెద్ద అధ్యయనం 18,000కు పైగా కుక్కల ప్రవర్తనను పరిశీలించింది. ఒక్కో కుక్క స్వభావంలో కనిపించే తేడాల్లో జాతి వల్ల వచ్చేది దాదాపు 9 శాతమేనని అందులో తేలింది. అంటే జాతి పేరు చూసి ఫలానా కుక్క కరుస్తుందనో, కరవదనో చెప్పలేం. కానీ అమెరికాలో 1979 నుంచి 1998 వరకు కుక్కకాట్లతో పోయిన 238 ప్రాణాల లెక్క తీసినప్పుడు, సగానికి పైగా మరణాల్లో పిట్‌బుల్ తరహా కుక్కలు, రాట్‌వీలర్లే ఉన్నాయి. అదే లెక్కలో కనీసం 25 జాతుల పేర్లు కూడా ఉన్నాయి. ఈ రెండు విషయాలకూ పొత్తు కుదరకపోలేదు. కోపం ఏ కుక్కకైనా రావచ్చు. చిన్న కుక్కకు వస్తే కుట్లు పడతాయి, 50 కిలోల కుక్కకు వస్తే ప్రాణం పోవచ్చు. చూసుకోవలసింది దాని రోషాన్ని కాదు, దాని బరువును, దవడ బలాన్ని.

2024 మే నెలలో చెన్నైలోని ఒక కార్పొరేషన్ పార్కులో రెండు రాట్‌వీలర్లు ఐదేళ్ల పాపపై పడి తీవ్రంగా గాయపరిచాయి. ఆ పాప పార్కు కాపలాదారు కూతురు. కుక్కల యజమానిని పోలీసులు అరెస్టు చేశారు. మెడపట్టీకి తాడు, మూతికి చిక్కం, పక్కన వాటిని ఆపగల మనిషి ఉండి ఉంటే ఆ పాపకు ఆ నరకం తప్పేది.

అందుకే రాట్‌వీలర్ తెస్తామన్నవారిని నేను మొదట అడిగేది ఇంట్లో అందరికంటే బలహీనులు ఎవరని. తాడు ఏదో ఒక రోజు వాళ్ల చేతికి వస్తుంది. ఇంటాయన ఆఫీసుకు వెళ్తాడు, అబ్బాయి హాస్టల్లో ఉంటాడు, కుక్కను బయటికి తీసుకెళ్లే పని మోకాళ్ల నొప్పులున్న అమ్మమ్మ మీద పడుతుంది. ఎదురుగా పిల్లి పరుగెత్తినప్పుడు ఆమె ఆపగలదా? ఆపలేకపోతే ఆ ఇంటికి రాట్‌వీలర్ వద్దు. మన ఎండలు కూడా దానికి పడవు. మే నెలలో రేకుల షెడ్డు కింద కట్టేసిన నల్లటి, బరువైన కుక్క పడే బాధ చూసినవారికి వేరే చెప్పనక్కరలేదు.

డాబర్‌మన్ సంగతి కొంత వేరు. జర్మనీలోని అపోల్డాలో పన్నులు వసూలు చేసిన డాబర్‌మన్ అనే వ్యక్తి పేరే దానికి వచ్చింది. మగది 40 నుంచి 45 కిలోలు ఉంటుంది. బొచ్చు పొట్టి కాబట్టి వేడిని కొంత మేలుగా తట్టుకుంటుంది. చురుకైనది, చిన్న అలికిడికే లేస్తుంది. కానీ ఒంటరితనం దీనికి బొత్తిగా పడదు. మనుషుల మధ్య తిరగనివ్వకుండా పెరట్లో కట్టిపడేస్తే బెరుకుగా తయారవుతుంది, ఆ బెరుకులోనే కరుస్తుంది. గుండె కండరం బలహీనపడే జబ్బు ఈ జాతిలో ఎక్కువ. ఇంట్లో రోజంతా మనిషి ఉండి, పొద్దునా సాయంత్రం పరుగెత్తించే ఓపిక ఉంటే రాట్‌వీలర్ కంటే ఇదే మేలంటాను.

ఇక నాటు కుక్క. సుమారు 15 నుంచి 20 కిలోలు ఉంటుంది. మన ఎండకు, వానకు, ముసురుకు తరతరాలుగా అలవాటు పడింది. కొత్త మనిషి వీధి మలుపు తిరగగానే పసిగడుతుంది, గొంతు చించుకుని చెబుతుంది. కాపలాకు కావలసింది అదే కదా! ఎనభై ఏళ్ల తాతయ్య కూడా నాలుగు రోజులు అలవాటైతే తాడు పట్టుకుని తిప్పగలడు. తిండికి, వైద్యానికి అయ్యే ఖర్చూ తక్కువే. అయితే ఇదీ కరుస్తుంది. తన ఇల్లు అనుకున్నచోట పట్టుదల ఎక్కువ, కొత్తవారిని ఒక పట్టాన నమ్మదు. చిన్నప్పుడు రాళ్ల దెబ్బలు తిన్నదైతే భయం పోవడానికి నెలలు పడుతుంది. హైదరాబాద్ బ్లూక్రాస్ వంటి జంతు సంక్షేమ సంస్థల దగ్గర దత్తతకు కుక్కపిల్లలు దొరుకుతాయి. టీకాలు, పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్ వివరాలు అడిగి తెచ్చుకోవచ్చు.

ఏది తెచ్చినా, కుక్కపిల్ల పుట్టిన తొలి మూడు నెలల కాలాన్ని వృథా చేయకూడదు. మూడో వారం నుంచి సుమారు పద్నాలుగో వారం దాకా కుక్కపిల్ల లోకాన్ని నేర్చుకునే కాలం. గొడుగు పట్టుకున్న మనిషి, హెల్మెట్ పెట్టుకున్న మనిషి, ఏడ్చే పసిబిడ్డ, ప్రెషర్ కుక్కర్ కూత, ఇవన్నీ అప్పుడే పరిచయం కావాలి. టీకాలు పూర్తి కాలేదనుకుంటే ఎత్తుకుని తిప్పవచ్చు. నెల రోజుల పిల్లను తల్లి నుంచి వేరుచేసి అమ్మేవారి దగ్గర కొనవద్దు. ఎనిమిది వారాలు నిండని పిల్లలను అమ్మకూడదని, పెంపకందారు రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డులో నమోదై ఉండాలని కుక్కల పెంపకం, అమ్మకాలపై వచ్చిన 2017 నిబంధనలు చెబుతున్నాయి. తల్లిని చూపించమని అడగండి. తల్లి మనుషులను చూసి వణుకుతున్నా, మీద పడుతున్నా వెనక్కి రండి.

"దొంగలను బాగా పట్టాలి" అని పగలంతా గొలుసుతో కట్టేసే అలవాటు మన దగ్గర ఇంకా పోలేదు. దానివల్ల కాపలా పెరగదు, చిరాకు పెరుగుతుంది. ఎప్పుడూ కట్టేసి ఉంచే కుక్కను సరిగా తిప్పకపోవడం 1960 నాటి జంతు హింస నివారణ చట్టం ప్రకారం నేరం కూడా.

చట్టం మాట వచ్చింది కాబట్టి, 2024 మార్చిలో కేంద్ర పశుసంవర్ధక శాఖ 23 రకాల కుక్కల అమ్మకం, పెంపకం ఆపాలని రాష్ట్రాలకు లేఖ రాసింది. రాట్‌వీలర్ అందులో ఉంది, డాబర్‌మన్ లేదు. టెర్రియర్లు అనే కుక్కల్లో చాలా జాతులున్నా, అన్నిటినీ ఒకే మాటతో కలిపేశారు. ఏప్రిల్‌లో కర్ణాటక హైకోర్టు ఆ ఉత్తర్వును కొట్టేసింది. జాబితాలో ఉందా లేదా అన్నది చూసి కుక్కను ఎంచుకోవడం నా దృష్టిలో పొరపాటు. ఐపీసీ స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహిత 291వ సెక్షన్ జాతిని అడగదు. మన దగ్గరున్న జంతువు వల్ల మనిషికి ప్రాణాపాయం, తీవ్ర గాయం కలగకుండా తగిన జాగ్రత్త తీసుకోకపోతే ఆరు నెలల దాకా జైలు, లేదా 5,000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ పడవచ్చు. కాటు వేసింది నాటు కుక్క అయినా అంతే.

నా ఎంపిక స్పష్టం. తెలుగు నేల మీద మామూలు కుటుంబానికి, కాపలా కోసమే అయితే నాటు కుక్క మేలు. కుక్కతో రోజుకు రెండు గంటలు గడపగలిగి, శిక్షణ మీద శ్రద్ధ ఉన్న ఇంటికి డాబర్‌మన్. కుక్కల పెంపకంలో అనుభవం, ప్రహరీ, రెండు వరుసల గేటు, ఇంట్లో ఎవరైనా పట్టుకోగలరన్న భరోసా, ఈ నాలుగూ ఉన్నవారికే రాట్‌వీలర్. ఒక్కటి తక్కువైనా వద్దంటాను.

ఇప్పటికే ఇంట్లో రాట్‌వీలర్ ఉన్నవారు దాన్ని వదిలించుకోనక్కరలేదు. రోడ్డు మీద వదిలేయడమైతే ఘోరం. మూతి చిక్కాన్ని శిక్షలా తగిలించకుండా, లోపల కాస్త పెరుగన్నమో, మాంసం ముక్కో పెట్టి అదే మూతి దూర్చేలా రోజూ కాసేపు అలవాటు చేయండి. నోరు తెరిచి రొప్పడానికి, నీళ్లు తాగడానికి వీలుండే బుట్ట రకమే కొనండి. చుట్టాల పిల్లలు వచ్చినప్పుడు "మా కుక్క ఏమీ అనదు" అనే మాట మీద ఆధారపడకుండా వేరే గదిలో ఉంచి తలుపు వేయండి. గేటు గడియ పిల్లల చేతికి అందనంత ఎత్తులో ఉందో లేదో ఈ రోజే చూడండి.