మసకబారిన హెడ్‌లైట్లు: పాత పికప్‌పై అయిదేళ్ల అనుభవం

నా పికప్ వయసు ఇప్పుడు 16 ఏళ్లు. ఎడమవైపు హెడ్‌లైట్ బండితోపాటు వచ్చినదే. దాన్ని రెండుసార్లు అరగదీసి పైపూత వేశాను. కుడివైపుది నాలుగేళ్ల క్రితం వేరే తయారీదారుది కొని బిగించినది. ఒకే బండికి, ఒకే ఎండలో ఈ రెండూ పక్కపక్కన ఇంతకాలం పనిచేశాయి కాబట్టి, పాతదాన్ని బాగుచేసుకోవడం మేలా, కొత్తది వేయించడం మేలా అని ఆలోచిస్తున్నవారికి నా అనుభవం ఉపయోగపడుతుందని రాస్తున్నాను.

హెడ్‌లైట్ ముందు పారదర్శకంగా ఉండే లెన్సులు గాజువి కావు, పాలీకార్బొనేట్ అనే ప్లాస్టిక్‌వి. రాయి తగిలినా పగలని ఈ పదార్థం ఎండలోని అతినీలలోహిత కిరణాలకు మాత్రం తట్టుకోలేదు. అందుకే తయారీలోనే దానిపై పలుచని గట్టి పూత వేస్తారు. ఏళ్లు గడిచేకొద్దీ ఆ పూత పగుళ్లిచ్చి, పొరలుగా లేచి, కింది ప్లాస్టిక్ పచ్చబడుతుంది. అలా మసకబారిన లెన్సు వెలుగును ముందుకు పోనివ్వకుండా అన్ని వైపులకూ చెదరగొడుతుంది కాబట్టి, మనకు రోడ్డు సరిగా కనబడదు, ఎదురుగా వచ్చేవారి కళ్లలో మాత్రం వెలుగు పడుతుంది. అమెరికన్ ఆటోమొబైల్ అసోసియేషన్ 2018లో ప్రకటించిన పరీక్షల్లో ఇలా పాడైన దీపాలు కొత్తవాటి వెలుగులో దాదాపు అయిదో వంతే ఇచ్చాయి. అరగదీసి బాగుచేశాక అది 70 శాతం వరకు తిరిగివచ్చింది.

నేను మొదట చేసిన పొరపాటు బల్బును అనుమానించడం. ఎక్కువ వాట్ల బల్బు వేశాను. రోడ్డుపై వెలుగు పెద్దగా పెరగలేదు కానీ, వేడి పెరిగి హోల్డరు ప్లాస్టిక్ రంగు మారింది. వెంటనే తీసేసి మళ్లీ మామూలు 60/55 వాట్ల హాలోజెన్ బల్బే వేశాను. తరువాత మల్టీమీటరుతో చూస్తే, ఇంజిను నడుస్తున్నప్పుడు బ్యాటరీ దగ్గర 13.8 వోల్టులు ఉంటే బల్బు పిన్నుల దగ్గర 12.2 మాత్రమే ఉంది. ఎర్త్ వైరు బిగించిన చోట తుప్పు పట్టింది. దాన్ని గీకి శుభ్రంచేసి బిగిస్తే 13.1కి వచ్చింది. హాలోజెన్ బల్బుకు అందే వోల్టేజీ 10 శాతం తగ్గితే వెలుగు దాదాపు 30 శాతం తగ్గుతుంది. కాబట్టి పాత బండి ఉన్నవారు లెన్సును ముట్టుకునే ముందు ఈ కొలత తీసుకోవాలని నా గట్టి సలహా.

అయిదేళ్ల క్రితం మొదటిసారి రెండు లెన్సులనూ మార్కెట్లో దొరికే కిట్‌తో బాగుచేశాను. అందులో మూడు రకాల ఉప్పుకాగితం, పాలిష్ పేస్టు, చివర తుడవడానికి రసాయనంలో తడిపిన గుడ్డ ముక్క ఉన్నాయి. ఆ సాయంత్రం దీపాలు కొత్తవాటిలా మెరిశాయి. ఏడు నెలలకల్లా మళ్లీ పచ్చబడ్డాయి, అదీ ముందుకన్నా వేగంగా. కారణం తరువాత అర్థమైంది: అరగదీయడంతో తయారీలో వేసిన రక్షణ పూత ఎంత మిగిలి ఉందో అదంతా పోయింది, దాని స్థానంలో నేను వేసినది గుడ్డతో పూసిన పలుచని పొర ఒక్కటే. అరగదీసే పని ఎంత శ్రద్ధగా చేసినా, ఎన్నాళ్లు నిలుస్తుందో తేల్చేది పైన వేసే పూతే.

రెండోసారి ఎడమ దీపాన్ని బండి నుంచి పూర్తిగా ఊడదీసి పనిచేశాను. రంగులు వేసేవారు వాడే వాటర్ పేపర్ (తడిపి రుద్దే ఉప్పుకాగితం) తీసుకొని, నీళ్లు పోస్తూ 800 నంబరుతో మొదలుపెట్టి, ఇంకా నునుపైన 1000, 1500 వరకు వెళ్లాను. మొదట్లో కారే నీరు పసుపు రంగులో ఉంటుంది. అది పాలలా తెల్లగా మారేదాకా 800 నంబరును వదలకూడదు. పాత పూత అక్కడక్కడా మిగిలిపోతే దాని అంచులు తరువాత మరకల్లా కనబడతాయి. ఒక్కో నంబరుకు రుద్దే దిశ మార్చితే, అంతకుముందు పడిన గీతలు పోయాయో లేదో తేలిగ్గా తెలుస్తుంది. పైన క్లియర్ కోట్ (రంగులేని రక్షణ పూత) వేయబోతున్నాం కాబట్టి పాలిష్ అవసరం లేదు. మరీ నునుపు చేస్తే పూత పట్టదు. సన్నని గీతలను ఆ పూతే నింపేస్తుంది.

ఆరబెట్టి, ఐసోప్రొపైల్ ఆల్కహాలుతో తుడిచి, చేతి వేళ్లు తగలకుండా టూ-కే (రెండు భాగాలు కలిసి గట్టిపడే) క్లియర్ కోట్ స్ప్రే చేశాను. ఈ డబ్బాలో గట్టిపరిచే రసాయనం వేరుగా ఉంటుంది. అడుగునున్న పిన్ను నొక్కితే లోపల కలుస్తుంది. మొదటి పొర మంచు రాలినట్టు పలుచగా పడాలి. ఒకేసారి తడిసేలా కొడితే అందులోని ద్రావకం పాలీకార్బొనేట్‌లో సన్నని పగుళ్లు తెస్తుంది. పొరకూ పొరకూ మధ్య పది నిమిషాలు ఆగి, మొత్తం మూడు పొరలు వేసి, ఒక రోజంతా దుమ్ము లేని చోట ఉంచాను. ఒక్క విషయం ఎవరూ తేలిగ్గా తీసుకోవద్దని వేడుకుంటున్నాను: ఈ పూతలో ఐసోసయనేట్లు ఉంటాయి, అవి ఊపిరితిత్తులకు చేటు, ఉబ్బసం తెచ్చిపెట్టగలవు. దుమ్ముకు కట్టుకునే మామూలు మాస్కు చాలదు. రసాయనాల ఆవిరిని ఆపే ఫిల్టరున్న మాస్కు, చేతి తొడుగులు, కళ్లద్దాలు పెట్టుకొని, బయట గాలిలోనే చేయాలి. ఆ ఏర్పాటు లేనివారు ఈ పనిని పెయింటరుకు అప్పగించడం మంచిది.

కుడి దీపం కథ వేరు. దాన్నీ అలాగే బాగుచేద్దామని ఊడదీసి, బల్బు తీసి టార్చి వేసి చూస్తే, బల్బు వెలుగును ముందుకు మళ్లించే రిఫ్లెక్టరు మీది అల్యూమినియం పూత బూడిద రంగుకు తిరిగి, అడుగున పొట్టులా లేచింది. వెనక రబ్బరు మూత చిరిగి ఏళ్లపాటు లోపలికి తేమ చేరింది. రిఫ్లెక్టరు పాడైన దీపానికి బయట ఎంత మెరుగు పెట్టినా వెలుగు రాదు. మొదటి కిట్ కొనే ముందే ఈ పరీక్ష చేసి ఉంటే ఒక పూట శ్రమ తప్పేది.

అలా వేసిన కొత్త దీపంపై నా అభిప్రాయం మిశ్రమంగానే ఉంది. మొదటి రాత్రి చూడగానే అది ఎడమదానికన్నా తెల్లగా, ప్రకాశవంతంగా అనిపించింది. గోడ ముందు నిలిపి చూస్తే తేడా బయటపడింది: ఎడమ దీపపు లో-బీమ్‌కు (ఎదుటివారి కళ్లలో పడకుండా కిందికి పడే వెలుగుకు) పై అంచు గీత గీసినట్టుంది, కుడిదానికి ఆ అంచు చెదిరి, వెలుగంతా బండికి దగ్గరలోనే కుప్పగా పడుతోంది. బిగించే చెవుల్లో ఒకటి రెండు మిల్లీమీటర్లు తేడా ఉండి వాషరు వేయాల్సివచ్చింది. మూడో ఏడు దాటకముందే దాని లెన్సు పైభాగంలో లేత మసక మొదలైంది. ఎడమవైపు నేను వేసిన పూత మూడేళ్లు చెక్కుచెదరలేదు. నాలుగో ఏట పై అంచున బొటనవేలి గోరంత మేర మాత్రం లేచింది.

దీపం ఊడదీసి బిగించిన ప్రతిసారీ బీమ్ ఎత్తు సరిచూడాలి. సమతలంపై, గోడకు 25 అడుగుల దూరంలో బండి నిలిపి, దీపాల ఎత్తుకు గోడపై టేపు అంటించి, లో-బీమ్ పై అంచు ఆ టేపు గీతకు కాస్త కిందుండేలా స్క్రూ తిప్పుతాను. పికప్ విషయంలో మరొకటుంది: వెనక బరువు పడితే కమాను పట్టీలు కుంగి ముందు భాగం పైకి లేస్తుంది, బీమ్ కూడా లేస్తుంది. నేను ఎక్కువ రోజులు సరుకుతోనే తిరుగుతాను కనుక, మామూలుగా వేసే బరువు వేసుకునే బీమ్ సరిచేస్తాను.

టూత్‌పేస్టుతో రుద్దితే కొన్ని వారాల మెరుపు వస్తుంది, అంతే. దోమల మందు స్ప్రే జోలికి అసలు పోవద్దు. అందులోని డీట్ ప్లాస్టిక్ పైపొరను కరిగించి లెన్సును తళుక్కుమనిపిస్తుంది, కానీ కొద్ది రోజుల్లో అది జిగటగా మారి మరింత పాడవుతుంది. హాలోజెన్ కోసం చేసిన రిఫ్లెక్టరులో ఎల్ఈడీ బల్బు వేయడాన్నీ నేను సమర్థించను. కాంతి పుట్టే చోటు మారి ఎదుటివారి కళ్లు చెదురుతాయి.

ఇప్పుడు ఎడమ లెన్సును మళ్లీ 800 నంబరు నుంచి మొదలుపెట్టి కొత్త పూత వేయబోతున్నాను. కుడివైపుకు మాత్రం, రిఫ్లెక్టరు చెడని అసలు కంపెనీ దీపం పాత బండి నుంచి తీసినది దొరికితే, లెన్సు ఎంత పచ్చబడినా సరే, దాన్నే తెచ్చి అరగదీసి వేసుకుంటాను.