రాణిగంజ్‌లో కొన్న ఫీలర్ గేజ్, మా అంబాసిడర్ ట్యాపెట్లు

మా నాన్నగారి అంబాసిడర్‌లో ఇప్పటికీ పాత 1489 సీసీ పెట్రోల్ ఇంజినే ఉంది. కొంతకాలంగా అది కుట్టుమిషన్‌లా టకటకలాడుతుండటంతో, ట్యాపెట్ గ్యాపు (వాల్వు కొనకూ దాన్ని నొక్కి తెరిచే రాకర్ అనే మీటకూ మధ్య ఉండాల్సిన సన్నని ఖాళీ) నేనే సరిచూసుకోవాలనుకుని సికింద్రాబాద్ రాణిగంజ్‌లోని ఒక పనిముట్ల దుకాణంలో 20 రేకుల ఫీలర్ గేజ్ (ఇలాంటి ఖాళీలను కొలిచే, ఒక్కోటి ఒక్కో మందం ఉన్న రేకుల కట్ట) కొన్నాను. ధర 300 రూపాయల లోపే.

రేకుల నాణ్యత విషయంలో ఫిర్యాదు లేదు. అంచులు నున్నగా ఉన్నాయి, అంకెలు నూనె చేతులతో తుడిచినా చెరగడం లేదు, బాలానగర్‌లో లేత్ నడిపే మిత్రుడి మైక్రోమీటర్‌తో నాలుగు రేకులు కొలిచి చూస్తే చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. చిక్కంతా కొలతల వరుసలో ఉంది. ఈ సెట్ 0.05 మి.మీ. చొప్పున 1.00 దాకా పెరుగుతుంది. మా బండి పుస్తకం అడిగేదేమో 15 థౌ (థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు), అంటే 0.38 మి.మీ. ఆ రేకు ఇందులో లేదు. అందుచేత 0.35 రేకు స్వల్పమైన పట్టుతో దూరాలి, 0.40 దూరకూడదు అన్న పద్ధతిలో పని కానిచ్చాను.

పని ఉదయాన్నే, ఇంజిన్ పూర్తిగా చల్లగా ఉండగా మొదలుపెట్టాను. ప్లగ్గులు విప్పేస్తే ఇంజిన్‌ను తిప్పడం తేలిక. ఎనిమిది వాల్వులలో దేన్ని ఎప్పుడు సరిచేయాలన్నదానికి మా మెకానిక్ భాయ్ ఎప్పుడో నేర్పిన తొమ్మిది లెక్క చాలు: ఎనిమిదోది పూర్తిగా తెరుచుకున్నప్పుడు ఒకటోది, ఆరోది తెరుచుకున్నప్పుడు మూడోది, ఇలా ఏ జత కూడినా తొమ్మిదే రావాలి. గ్యాపు సరిచేసే స్క్రూ కదలకుండా పట్టి ఉంచే లాక్ నట్ బిగించేటప్పుడు ఆ స్క్రూ కొద్దిగా తిరిగిపోతుంది కనుక, బిగించిన తర్వాత రేకును మళ్లీ దూర్చి చూడకపోతే అంతవరకు పడ్డ శ్రమ వృథా.

శబ్దం తగ్గింది గాని పూర్తిగా పోలేదు. అందుకు గేజ్‌ను తప్పుపట్టలేను. ఏళ్ల తరబడి అరిగిన రాకర్ కొనలో చిన్న గుంట పడుతుంది. చదునైన రేకు ఆ గుంట మీద వంతెనలా నిలుస్తుంది కాబట్టి అసలు ఖాళీ కొలతకంటే ఎక్కువే ఉంటుంది. ఆ మిగిలిన చప్పుడును కూడా చంపాలని మరింత బిగిస్తే, వేడికి లోహం వ్యాకోచించినప్పుడు ఎగ్జాస్ట్ వాల్వు తన సీటు (మూసుకున్నప్పుడు అది ఆనే అంచు) మీద సరిగా కూర్చోదు, తన వేడిని సీటుకు అందించలేక చివరకు కాలిపోతుంది. ఆ చప్పుడును నేను అలాగే వదిలేశాను.

రేకులకు నూనె పూయకుండా పెట్టెలో పెడితే వానాకాలంలో తుప్పు మచ్చలు వస్తున్నాయి, సన్నని 0.05 రేకు రెండో వాడకానికే మడతపడింది. మారుతి వంటి మిల్లీమీటరు బండ్లకు ఈ సెట్‌ను నిస్సందేహంగా సూచిస్తాను. అంబాసిడర్ యజమానులు మాత్రం థౌ అంకెలున్న సెట్టే అడిగి తీసుకోవడం మేలు.