ఆన్‌లైన్ ఎం.ఎడ్.తో ప్రిన్సిపాల్ లైసెన్సు: టెక్సస్‌లో చదివి, ఆ పనిలో చేరాక రాస్తున్న సమీక్ష

టెక్సస్‌లోని ఒక మిడిల్ స్కూలులో ఏడో తరగతికి లెక్కలు చెబుతూ, 2021 ఆగస్టులో పాఠశాల నాయకత్వంలో ఆన్‌లైన్ ఎం.ఎడ్.లో చేరాను. 2023 మే నెలలో చదువు ముగిసింది. 2024 ఆగస్టు నుంచి మరో మిడిల్ స్కూలులో అసిస్టెంట్ ప్రిన్సిపాల్‌గా పని చేస్తున్నాను. పట్టా చేతికి వచ్చిన రోజునే ఈ సమీక్ష రాసి ఉంటే ఇది వేరేగా ఉండేది; చదివిన దానిలో ఎంత నిలిచిందో, ఎంత జారిపోయిందో ఉద్యోగంలో తేలాకే రాద్దామని ఆగాను. ఇక్కడి బడుల్లో పాఠాలు చెప్పే తెలుగు మిత్రులు నన్ను తరచు అడిగేది, ఇంట్లో కంప్యూటరు ముందు కూర్చుని చదివితే ప్రిన్సిపాల్ పని వస్తుందా అని. చట్టాలు, పద్దులు, సిద్ధాంతాలు వస్తాయి. పని మాత్రం 160 గంటల ప్రాక్టికమ్‌లో, అంటే బడిలోనే చేసే శిక్షణలో, పక్కన నిలబడి నేర్పే ప్రిన్సిపాల్ దగ్గరే వస్తుంది. అందుకే విశ్వవిద్యాలయాన్ని వెతికే ముందు ఆ మనిషిని వెతుక్కోమని నా మొదటి సలహా.

మా నాన్నగారు గుంటూరు జిల్లాలో జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల ప్రధానోపాధ్యాయులుగా రిటైరయ్యారు. స్కూల్ అసిస్టెంటుగా ఏళ్ళ తరబడి పని చేసి, గెజిటెడ్ ఆఫీసర్స్ టెస్టు, ఎగ్జిక్యూటివ్ ఆఫీసర్స్ టెస్టు గట్టెక్కి, సీనియారిటీ జాబితాలో తమ పేరు పైకి వచ్చేదాకా ఎదురుచూశారు. ఇక్కడి దారి వేరు. ప్రిన్సిపాల్ సర్టిఫికెట్టు, అంటే లైసెన్సు, రావాలంటే మాస్టర్స్ డిగ్రీ, టీచరు సర్టిఫికెట్టు, తరగతి గదిలో కనీసం రెండేళ్ళ బోధన, రాష్ట్రం ఆమోదించిన శిక్షణ, ఆపైన రెండు పరీక్షలు కావాలి. ఇవన్నీ ఉన్నా ఉద్యోగం మాత్రం ఇంటర్వ్యూలో మనమే సంపాదించుకోవాలి. ప్రభుత్వ బడిలో అసిస్టెంట్ ప్రిన్సిపాల్ కావాలన్నా ఇదే ప్రిన్సిపాల్ సర్టిఫికెట్టు అవసరం.

కోర్సుల్లో నాకు అన్నిటికంటే పనికొచ్చింది పాఠశాల చట్టాల కోర్సు. దాన్ని చెప్పినవారు ఒకప్పుడు ఒక పాఠశాల జిల్లాకు సూపరింటెండెంటుగా, అంటే అక్కడి బడులన్నిటికీ పై అధికారిగా, పని చేశారు. తీర్పులను బట్టీ పట్టించకుండా, ప్రతి తీర్పునూ పొద్దున్నే మన ఆఫీసు గుమ్మంలోకి వచ్చిన సమస్యగా మార్చి, ఇప్పుడు ఏం చేస్తారని అడిగేవారు. 1985 నాటి న్యూజెర్సీ వర్సెస్ టీ.ఎల్.ఓ. కేసులో, బడి మరుగుదొడ్డిలో సిగరెట్టు కాల్చిందన్న ఫిర్యాదు మీద 14 ఏళ్ళ అమ్మాయి చేతిసంచిని వైస్ ప్రిన్సిపాల్ వెతికారు. పోలీసులకు కావలసినంత బలమైన ఆధారం బడి అధికారులకు అక్కరలేదని, అయితే సహేతుకమైన అనుమానం ఉండాలని, వెతుకులాట ఆ అనుమానానికి తగిన హద్దులోనే సాగాలని సుప్రీంకోర్టు చెప్పింది. నేను ఉద్యోగంలో చేరిన మూడో వారంలో, ఫలానా అబ్బాయి బ్యాగులో వేప్ (ఈ-సిగరెట్టు) ఉందని ఒక పిల్లవాడు వచ్చి చెప్పాడు. నువ్వు కళ్ళారా చూశావా అని అడిగాను. చూశానన్నాడు, ఏ జేబులో పెట్టాడో కూడా చెప్పాడు. ఇంకొక పెద్దవారి ఎదుట బ్యాగు వెతికాం, వేప్ దొరికింది, అక్కడితో ఆపేశాం. ఫోను కూడా తీసి చూద్దామన్న మాట వచ్చింది గానీ, మా అనుమానానికీ ఫోనుకూ సంబంధం లేదు కనుక దాన్ని ముట్టుకోలేదు. ఆ సాయంత్రం అబ్బాయి తల్లిదండ్రులకు ఏం చేశామో, ఎందుకు చేశామో తడబడకుండా చెప్పగలిగానంటే అది ఆ కోర్సు చలవే.

ఫైనాన్సు కోర్సు గురించి అంత మంచి మాట చెప్పలేను. టెక్సస్‌లో బడికి రాష్ట్రం ఇచ్చే డబ్బు పేరు నమోదైన పిల్లల సంఖ్యను బట్టి కాక సగటు రోజువారీ హాజరును బట్టి వస్తుంది. నేను చదివే నాటికి ఒక్కో విద్యార్థికి మూల కేటాయింపు 6,160 డాలర్లు. ఇంతవరకు పట్టికలు నింపించి నేర్పారు. కానీ హాజరు తీసే వేళకు పిల్లవాడు నర్సు గదిలో ఉండిపోతే ఆ నమోదును ఎవరు, ఎప్పటిలోగా సరిదిద్దాలన్నది మాత్రం బడిలోని అటెండెన్స్ క్లర్కు గారి పక్కన కుర్చీ వేసుకుని నేర్చుకున్నాను.

ఒక్కో కోర్సు ఎనిమిది వారాలు. వారం వారం డిస్కషన్ బోర్డులో బుధవారానికి ఒక పోస్టు, ఆదివారం రాత్రికి ఇద్దరు సహాధ్యాయులకు జవాబులు రాయాలి. రెండు కోర్సులు గడిచేసరికి అవి మార్కుల కోసం రాసే పొగడ్తలుగా మారాయి. బోధకులు స్వయంగా వచ్చి ఎదురు ప్రశ్న వేసిన వారాల్లోనే అందులో ప్రాణం ఉండేది. అయినా పశ్చిమ టెక్సస్‌లోని ఒక చిన్న ఊరి నుంచి చదివిన సహాధ్యాయి, తమ బడిలో డ్రైవరు రాని రోజున ప్రిన్సిపాలే బస్సు నడుపుతారని రాసిన పోస్టు నాకు ఇప్పటికీ గుర్తుంది. మా ఊరి బడిని చూసి ప్రిన్సిపాల్ పని అంటే ఇంతేననుకున్న నా లెక్క అక్కడ తప్పింది.

ప్రాక్టికమ్‌లో నేను చేసిన పెద్ద తప్పు కూడా చెప్పాలి. టెక్సస్‌లో టీచర్ల మూల్యాంకనానికి వాడే టీ-టెస్ పద్ధతిలో 4 విభాగాలు, 16 అంశాలు ఉంటాయి. దాని మీద శిక్షణ అంతా వీడియోల్లో చూసి, మార్కులు సరిగ్గానే వేయగలనన్న నమ్మకంతో ఒక కొత్త టీచరు తరగతిలో 45 నిమిషాలు కూర్చున్నాను. ఆమె అడిగిన ప్రతి ప్రశ్ననూ, జవాబిచ్చిన పిల్లల పేర్లనూ రాసుకున్నాను. కిటికీ పక్కన కూర్చున్న అమ్మాయి మూడుసార్లు చెయ్యి సగం ఎత్తి దించేసింది. జవాబులన్నీ ముందు వరుసలోని నలుగురి నుంచే వచ్చాయి. మర్నాడు పోస్ట్ కాన్ఫరెన్సులో, అంటే పరిశీలన తర్వాత టీచరుతో కూర్చునే సమావేశంలో, నేను గమనించిన పదకొండు లోపాలనూ వరుసగా చదివాను. నాలుగోదానికే ఆమె పెన్ను మూసి బల్ల మీద పెట్టేసింది. పక్కనే ఉన్న మా ప్రిన్సిపాల్ గారు ఆమె వెళ్ళాక నా కాగితం తీసుకుని, కిటికీ పక్క అమ్మాయి గురించిన వాక్యం కింద గీత గీసి, “దీని గురించి మాత్రమే మాట్లాడండి, దానికి ముందు ఆమె బాగా చేసిన పని ఒకటి చెప్పండి” అన్నారు. బలపరచవలసినది ఒకటి, మెరుగుపరచవలసినది ఒకటి అని టీ-టెస్ శిక్షణలోనూ ఉంది. నేను ఆ పాఠానికి నూటికి నూరు తెచ్చుకున్నాను కూడా. ఆ పెన్ను మూసిన చప్పుడు విన్నాకే నాకది అర్థమైంది. తర్వాతి వారం ఆ టీచరు దగ్గరికి మళ్ళీ వెళ్ళి క్షమాపణ చెప్పి, ఆ ఒక్క విషయం మీద మాట్లాడాను.

విశ్వవిద్యాలయం మీద నా ప్రధాన ఫిర్యాదు ఇక్కడే. ప్రాక్టికమ్‌లో పక్కనుండి నేర్పే మెంటరును వెతుక్కోవలసిన భారమంతా విద్యార్థి మీదే వేశారు. మా ప్రిన్సిపాల్ గారు ఒప్పుకోబట్టి సరిపోయింది. నాతో చదివిన ఒకరు మెంటరు కోసం ఒక సెమిస్టరు పోగొట్టుకున్నారు. విశ్వవిద్యాలయం తరఫున వచ్చి నన్ను మూడుసార్లు పరిశీలించవలసిన ఫీల్డ్ సూపర్‌వైజరు మధ్యలో మారారు; కొత్తగా వచ్చినవారికి నా మొదటి పరిశీలన నివేదిక అందలేదు, నా దగ్గర ప్రతి ఉండబట్టి బయటపడ్డాను.

పరీక్షల విషయానికి వస్తే, సర్టిఫికెట్టు కోసం టెక్సస్ రాష్ట్రం పెట్టే టెక్సెస్ పరీక్షల్లో 268 అనేదానిలో 70 బహుళైచ్ఛిక ప్రశ్నలతో పాటు, ఒక బడికి సంబంధించిన కాగితాలు, అంకెలు ముందు పెట్టి రాయించే 4 ప్రశ్నలు ఉంటాయి. 300కు 240 వస్తే ఉత్తీర్ణత. దీనికి కోర్సులు చక్కగా సిద్ధం చేశాయి. రెండోదైన పాసల్ అనే పరీక్షలో మూడు టాస్కులు మనం బడిలో నిజంగా చేసిన పనికి రుజువులతో రాయాలి, మూడోదానికి సహోద్యోగుల బృందంతో పని చేస్తున్న వీడియో కూడా జత చేయాలి. దాన్ని చివరి సెమిస్టరుకు వదిలేయడం పొరపాటు. అనుమతి పత్రాలు, బృంద సమావేశాలు, సేకరించవలసిన సమాచారం అన్నీ బడి క్యాలెండరును బట్టి నడుస్తాయి. ఆ టాస్కుల కోసం తమ బడిలోని సమస్యను మొదటి సెమిస్టరులోనే ఎంచుకున్నవాళ్ళు సుఖపడ్డారు.

రెండు పరీక్షలూ పాసయ్యాక విశ్వవిద్యాలయం రాష్ట్రానికి సిఫారసు పంపితేగానీ సర్టిఫికెట్టు రాదు. నా సిఫారసు ఏడు వారాలు ఆగింది. ఉత్తరాలకు జవాబు లేదు, ఫోను చేస్తే ఒకరి మీద ఒకరు చెప్పారు. ఈలోగా ఆ ఏడాది నియామకాలు అయిపోయాయి. ఇంకో ఏడాది అదే తరగతి గదిలో లెక్కలు చెప్పాను. చెప్పడం నాకిష్టమే, కానీ రెండేళ్ళు రాత్రిళ్ళు మేలుకుని చదివిన చదువు అలా పక్కన పడి ఉండటం బాధ కలిగించింది.

వేరే రాష్ట్రపు విశ్వవిద్యాలయంలో చేరేవారు ఇంకో సంగతి చూసుకోవాలి. లైసెన్సు రాష్ట్రం ఇచ్చేది. ఒక రాష్ట్రంలో చెల్లే ప్రోగ్రాము మరో రాష్ట్రంలో చెల్లకపోవచ్చు. తమ ప్రోగ్రాము ఏయే రాష్ట్రాల లైసెన్సు నిబంధనలకు సరిపోతుందో విశ్వవిద్యాలయాలు వెల్లడించాలన్న ఫెడరల్ నిబంధన 2020 జులై నుంచి అమలులో ఉంది. ఆ జాబితాలో మీ రాష్ట్రం ఉందో లేదో డబ్బు కట్టకముందే చూడండి.

ఇన్ని లోపాలున్నా, పూర్తికాలపు ఉద్యోగం, ఇద్దరు పిల్లలు ఉన్న నాబోటి వారికి ఆన్‌లైన్ తప్ప దారి లేదు, మళ్ళీ చేరవలసి వస్తే చేరతాను. అయితే చేరే ముందు మా ప్రిన్సిపాల్ గారితో కూర్చుని 160 గంటలూ ఏ నెలలో ఏ పని మీద పెడతారో రాయించుకుంటాను. పరీక్షలు పాసయ్యాక సిఫారసు ఎన్నాళ్ళలో పంపుతారో విశ్వవిద్యాలయం చేత ఉత్తరంలో రాయించుకుంటాను. ఇక్కడి బడులు మార్చి నుంచి జూన్ దాకా నియామకాలు చేస్తాయి గనుక, చదువు మేలో కాకుండా డిసెంబరులో ముగిసేలా చేరతాను.