బ్లేడు మార్చుకునే కత్తి: ఆరు సీజన్ల తర్వాత

మొదటి వేట సీజన్ అయ్యాక ఈ కత్తిని నేను పొగిడిన తీరు చూసి ఇద్దరు స్నేహితులు కొనేశారు. వాళ్లలో ఒకడు కనిపించినప్పుడల్లా "ఇంకా దాన్నే వాడుతున్నావా?" అంటాడు. వాడుతున్నాను. కాకపోతే అప్పుడన్న మాటల్లో కొన్ని సరిచేసుకోవాలి.

సర్జికల్ బ్లేడు తగిలించుకునే మడత కత్తి ఇది. వేటాడిన జింక తలను గోడకు తగిలించే బొమ్మగా చేయించడానికి తోలు ఒలిచేటప్పుడు వాడతాను. కొలతలూ బరువూ పెట్టె మీదే ఉంటాయి. నన్ను పడగొట్టింది దాని పదును. పాత కత్తితో జింక మెడ వెనక గీత పెడితే వెంట్రుకలు కూడా తెగి, ఆ పక్కంతా గొరిగినట్టు ఉండేది. దీని మొన తోలు కిందికి దూర్చి, అంచు పైకి తిప్పి లోపలి నుంచి కోస్తే తోలు ఒక్కటే తెగుతుంది, వెంట్రుకలు చెరో పక్కకీ తప్పుకుంటాయి. భుజాల వెనక చుట్టూ ఒక కోత, అక్కడి నుంచి మెడ వెనకగా తల వరకూ ఒక గీత, అంతే. గొంతు వైపు గీత కూడా పడకూడదు. గోడకు తగిలించాక కంటికి ఎదురుగా ఉండేది అదే.

"పది సెకన్లలో బ్లేడు మార్చేయొచ్చు" అని కూడా అన్నాను. ఇంట్లో, పొడి చేతులతో అయితే నిజమే. వేళ్లకు కొవ్వు, రక్తం అంటుకుని ఉన్నప్పుడు పట్టకారు లేకుండా ఇప్పుడు దాని జోలికి వెళ్లను.

అసలు గొడవ నాలుగో సీజన్‌లో జరిగింది. జింక పడేసరికి పొద్దు వాలింది, కానీ వేడి తగ్గలేదు. జింక ఒంట్లో వేడి అలాగే ఉంటే తోలు మీద బ్యాక్టీరియా పెరిగి వెంట్రుకలు కుదుళ్లతో సహా జారిపోతాయి. ఒకసారి జారితే ఎవరూ ఏమీ చేయలేరు. ఆ టెన్షన్‌లో ముఖం కూడా నేనే ఒలిచేద్దామని కూర్చున్నాను. చెవుల దాకా బాగానే వచ్చింది. కొమ్ముల మొదట్లో తోలు ఎముకను గట్టిగా పట్టుకుని ఉంటుంది. అక్కడ కోయడం కాదు, మొండి వస్తువుతో ఎత్తి విడదీయాలి. తెలిసి కూడా బ్లేడునే దూర్చి మెలిపెట్టాను. టక్ అంది. చూస్తే పిడికి సగం బ్లేడే ఉంది.

మిగతా సగం ఎక్కడ? తోలు మడతల్లో ఉంటే రేపు టాక్సిడర్మిస్ట్ (జంతువుల తోలుతో బొమ్మలు చేసే ఆయన) చేతులు పెట్టేది అందులోనే. హెడ్‌ల్యాంప్ వెలుగులో వేళ్లతో వెతకడానికి ధైర్యం చాలలేదు. చివరికి టార్చ్ అడుగున అయస్కాంతం ఉందని గుర్తొచ్చింది. మెల్లగా తోలంతా దాంతో తడిమితే చెవి వెనక వెంట్రుకల్లోంచి వచ్చి అతుక్కుంది. దాదాపు నలభై నిమిషాలు పట్టింది. జింక దొరికినప్పుడు కూడా అంత సంతోషం వేయలేదు.

తర్వాత ముఖం ముట్టుకోలేదు. పుర్రె, మెడ కలిసే కీలు దగ్గర తల విడదీసి, తోలుతో సహా ఐస్ మీద పెట్టి మర్నాడు పొద్దున్నే టాక్సిడర్మిస్ట్‌కి ఇచ్చేశాను. ఆయన ఆ జింక తలను అటూ ఇటూ తిప్పి, "ఎప్పుడూ ఇలాగే తీసుకురండి, మీరు కోసిన కనురెప్పలు కుట్టడంకంటే నాకు ఇదే సుఖం" అన్నారు. అంతకు ముందు ఏడాది ఇచ్చిన తలలో కంటి మూల నేను చేసిన చిల్లులు ఆయన మర్చిపోలేదు! మరీ పదునుగా ఉండే కత్తితో ఇబ్బంది అదే. తోలు తెగినట్టు చేతికి తెలియదు, వెలుగుకు పట్టి చూస్తేనే చిల్లు కనబడుతుంది.

కాబట్టి మెడ, భుజాల వరకూ దీన్నే వాడతాను. కొమ్ముల దగ్గరికి మొండి స్క్రూడ్రైవర్, కీలు దగ్గరికి మామూలు కత్తి వాడతాను. వాడేసిన బ్లేడ్లు ఖాళీ మాత్రల డబ్బాలో పడేస్తాను.

నేను వెళ్లేది ఏడాదికి రెండుసార్లు, బండి కూడా దగ్గర్లోనే ఉంటుంది. ఫ్రీజర్‌కి రోజుల దూరంలో ఉండేవాళ్లకు, ముఖం ముట్టుకోకుండా తలను ఐస్ మీద పెట్టి ఇచ్చేయమనే ఈ సలహా పనికిరాదు. వాళ్లు పెదవులు చీల్చి, చెవులు తిరగేసి, మాంసమంతా గీకేసి, అయోడిన్ కలపని సన్న ఉప్పు పట్టించక తప్పదు. ఆ పనికి ఇంత సన్న బ్లేడు నిజంగానే అవసరం కావచ్చు. నా చేతులకు మాత్రం ఆ నేర్పు రాలేదు.